స్నిపెట్ల పెట్టె: ఇరవై ఆరు రోజుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నిన్న రాత్రి విజయవాడ నుంచి మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, తెలుగు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే కోడ్ ఒకసారి పంపావు కదా, అది మళ్లీ పంపుతావా?" అని అడిగాడు. పంపిన మాట నాకు గుర్తుంది, ఎక్కడ పంపానో మాత్రం గుర్తు లేదు. మా నలుగురి గ్రూపులో పాత సందేశాలను గంటసేపు తిరగేస్తే ఆ కోడ్ దొరికింది, కానీ అది పనిచేయలేదు. వరుసల ముందు ఉండవలసిన ఖాళీలు పోయాయి, నిలువు కొటేషన్ గుర్తులు వంపు తిరిగాయి, రెండేసి అండర్‌స్కోర్లు ఉండవలసిన చోట అక్షరాలు వాలుగా మారి ఆ గుర్తులే మాయమయ్యాయి. మేం వాడే పైథాన్ అన్న కంప్యూటర్ భాషలో వరుస ముందున్న ఖాళీయే వ్యాకరణం కనుక, ఆ ఖాళీ పోయిన కోడ్ నుంచి ఏ వరుస లూప్ లోపలిదో ఏది బయటిదో తెలుసుకునే దారి లేదు.

మేం నలుగురం నాలుగు ఊళ్లలో ఉంటాం. ఒకరు గ్రంథాలయ పుస్తకాల జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు, ఒకరు పాఠశాల నుంచి తల్లిదండ్రులకు వెళ్లే ఎస్సెమ్మెస్‌ల వ్యవస్థను చూసుకుంటున్నారు, విజయవాడ మిత్రుడు పిల్లల కోసం గళ్లనుడికట్టు తయారు చేస్తున్నాడు, నేను జిల్లాల వారీగా వచ్చే దస్త్రాలను సరిచేస్తుంటాను. ఉద్యోగాలు వేరైనా అందరి చేతిలోనూ ఉన్నది తెలుగు పాఠమే కనుక, ఒకరు పడిన గుంటలో మరొకరు ఏడాదిలోపు పడుతూనే ఉన్నారు. ఈ సంగతిని ఇంత ఆలస్యంగా గమనించినందుకు బాధగా ఉంది. అందుకే స్నిపెట్లన్నిటినీ, అంటే ఇలాంటి చిన్న కోడ్ తునకలన్నిటినీ, ఒకే గిట్ రెపోలో (ప్రతి మార్పునూ గుర్తుంచుకునే ఉమ్మడి ఫైళ్ల పెట్టెలో) పెట్టి, ఒక్కొక్క స్నిపెట్‌కు ఒక్కొక్క ఫైలు ఇచ్చి, నలుగురం కలిసి చూసుకోవాలని ఈ రోజు నిర్ణయించుకున్నాం.

ప్రతి ఫైలు పైభాగంలోనూ తెలుగులోనే నాలుగు సంగతులు రాయాలని నేను పట్టుబట్టాను. ఏ అవసరం వచ్చి ఈ కోడ్ రాశాం, దీనికి ఏమి ఇస్తే ఏమి వస్తుంది, ఇది ఎక్కడ పనికిరాదు, ఇది మన సొంతమా లేక ఎక్కడి నుంచైనా తెచ్చినదా అన్నవి ఆ నాలుగు. మూడో దాని మీద కొంత వాదన జరిగింది. పనిచేయని చోటు ముందే తెలిస్తే అప్పుడే సరిచేస్తాం కదా అన్నది బెంగళూరు మిత్రురాలి వాదన. అన్ని చోట్లా పనిచేసేలా రాస్తే అది స్నిపెట్‌గా మిగలదని, పెద్ద లైబ్రరీ అవుతుందని, అంత పని చేసే తీరిక మాలో ఎవరికీ లేదని నేను చెప్పాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

2వ రోజు

పాత సందేశాల నుంచి 37 తునకలు బయటపడ్డాయి. వాటిలో ఒకే పనిని రెండు మూడు రకాలుగా చేసేవి తీసేస్తే 22 మిగిలాయి. ఖాళీలు పోయిన వాటిని చేత్తోనే సరిచేశాను. వంపు కొటేషన్లను నిలువుగా మార్చడానికి నాలుగు వరుసల కోడ్ రాసి, దాన్నే పెట్టెలో మొదటి స్నిపెట్‌గా చేర్చాను.

4వ రోజు

ఈ రోజంతా ఫైలు తెరవడం అన్న ఒకే పనికి పోయింది, అయినా ఆ సమయం వృథా కాలేదు. మా వరంగల్ మిత్రుడి విండోస్ కంప్యూటర్‌లో ఒక జాబితా చదువుతుంటే కొన్ని ఊళ్ల పేర్లు చెత్త గుర్తులుగా వస్తున్నాయి, మరికొన్ని ఫైళ్ల దగ్గర ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఫైళ్లన్నీ యూటీఎఫ్-8 అన్న ఎన్‌కోడింగ్‌లోనే, అంటే అక్షరాల సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతిలోనే, ఉన్నాయి. ఒకే పొరపాటుకు రెండు రకాల ఫలితాలు ఎందుకు వస్తున్నాయో తెలియక మొదట తికమకపడ్డాం.

కారణం లోపలి బైట్లలో ఉంది. అన్ని లిపుల గుర్తులకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోటు 3072 నుంచి 3199 వరకు, అంటే 128 సంఖ్యలు. యూటీఎఫ్-8లో రాసినప్పుడు వీటిలో ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది అక్షరాన్ని బట్టి మారుతుంది. పైథాన్‌లో ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పకపోతే, విండోస్‌లో అది ఆ యంత్రపు పాత కోడ్‌పేజీని, అంటే ఏ బైటుకు ఏ గుర్తో చెప్పే పట్టికను, తీసుకుంటుంది. మా మిత్రుడి యంత్రంలో అది 1252. ఆ కోడ్‌పేజీలో 129, 141, 143, 144, 157 అన్న అయిదు బైట్లకు ఏ గుర్తూ కేటాయించలేదు. తెలుగులో కొమ్ముకూ అరసున్నకూ మూడో బైటు 129, పొల్లు మూడో బైటు 141, ఏ, ఐ, ఝ అన్న అక్షరాల మూడో బైట్లు వరుసగా 143, 144, 157.

అంటే కొమ్ము గానీ, అరసున్న గానీ, పొల్లు గానీ, ఈ మూడు అక్షరాల్లో ఒకటి గానీ ఉన్న ఫైలు దగ్గర ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అవేవీ లేని ఫైలును ఏ ఫిర్యాదూ లేకుండా చెత్తగా చదివేస్తుంది. గుంటూరులో కొమ్ములు ఉన్నాయి కనుక ఆ ఫైలు దగ్గర ఆగింది. కడపలో అవేవీ లేవు కనుక మూడు అక్షరాల పేరు తొమ్మిది పిచ్చి గుర్తులుగా మారి డేటాబేస్‌లోకి నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. ఆగిపోయిన ఫైలు కన్నా ఆగకుండా వెళ్లిన ఫైలే ప్రమాదకరమని మా అందరికీ ఈ రోజు అర్థమైంది. ఎర్రర్ వచ్చిన చోట మాత్రమే సరిచేసుకుంటూ పోతే, మిగిలిన పాడు సమాచారం ఎన్నాళ్లయినా బయటపడదు.

స్నిపెట్ చూడబోతే ఒక్క వరుసే: ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ప్రతిసారీ స్పష్టంగా రాయడం. దాని పైన వివరణ పద్దెనిమిది వరుసలు వచ్చింది. ఎక్సెల్ సంగతి కూడా అక్కడే చేర్చాను. మనం రాసిన సీఎస్‌వీని (కామాలతో వేరు చేసిన పట్టిక ఫైలును) ఎక్సెల్ నేరుగా తెరిచినప్పుడు తెలుగు సరిగా కనపడాలంటే ఫైలు మొదట్లో 239, 187, 191 అన్న మూడు బైట్ల గుర్తు ఉండాలి. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ పేరుగా యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఆ గుర్తు దానంతట అదే చేరుతుంది. చదివేటప్పుడు కూడా ఇదే పేరు వాడడం మంచిది. గుర్తు ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. ఉత్త యూటీఎఫ్-8 అని చదివితే మొదటి నిలువు వరుస శీర్షికకు కంటికి కనపడని గుర్తు ఒకటి అంటుకుని, "పేరు" అన్న శీర్షిక తెర మీద కనపడుతున్నా ఆ శీర్షిక లేదని ప్రోగ్రాం చెబుతుంది. ఈ ఒక్క దాని మీద నేను ఒకప్పుడు పూర్తి మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

7వ రోజు

ఒక పేజీలోని తెలుగు పదాలను ఏరే స్నిపెట్‌ను పరీక్షించాం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో, అంటే పాఠంలో వెతకవలసిన నమూనాను చెప్పే రాతలో, పదంలోని అక్షరాన్ని సూచించే బ్యాక్‌స్లాష్-డబ్ల్యూను పైథాన్‌తో వచ్చే మాడ్యూల్‌లో వాడితే "తెలుగు" అన్న పదం త, ల, గ అని మూడు ముక్కలుగా వస్తుంది. గుణింతపు గుర్తులను ఆ మాడ్యూల్ అక్షరాలుగా లెక్కించకపోవడమే కారణం. తెలుగు పరిధిని 3072 నుంచి 3199 వరకు మనమే చెప్పుకుని, దానికి 8204 సంఖ్య ఉన్న గుర్తును కలపడం మేం ఎంచుకున్న దారి. ఆ 8204 ఎందుకో తర్వాత రాస్తాను. విడిగా తెచ్చుకునే రెజెక్స్ అన్న మాడ్యూల్‌ను వాడితే ఈ ఇబ్బంది లేదు, కానీ చిన్న పనికి బయటి మాడ్యూల్‌ను తప్పనిసరి చేయకూడదని అనుకున్నాం.

అంకెల విషయంలో దీనికి ఎదురు సమస్య వచ్చింది. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్-డి తెలుగు అంకెలను కూడా అంకెలుగానే గుర్తిస్తుంది, ౨౫ను పూర్ణాంకంగా మార్చమంటే చక్కగా 25 అని ఇస్తుంది. ఫోన్ నంబరు సరిచూసే మా స్నిపెట్ అందువల్ల తెలుగు అంకెల నంబరును కూడా ఆమోదించి ముందుకు పంపింది, ఎస్సెమ్మెస్ పంపే వ్యవస్థ దాన్ని తిప్పికొట్టింది. జావాస్క్రిప్ట్‌లో ఇదే గుర్తు 0 నుంచి 9 వరకు మాత్రమే గుర్తిస్తుంది కనుక, బ్రౌజర్‌లో ఒక తీర్పు, సర్వర్‌లో మరొక తీర్పు వస్తాయి. ఇప్పుడు ముందుగా తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చి, ఆ తర్వాతే సరిచూస్తున్నాం. ఇష్టపడి తెలుగు అంకెల్లో రాసినవారి నంబరును తప్పని చెప్పడం నాకు ఇష్టం లేదు.

9వ రోజు

వివరణలో రాసిన ఉదాహరణ ఒకటి, కోడ్ ఇచ్చే ఫలితం మరొకటి అని రెండు చోట్ల తేలింది. కోడ్‌ను మార్చినవారు వివరణను మార్చడం మరిచిపోయారు. దీనికి మందు పైథాన్‌లోనే ఉంది. డాక్‌టెస్ట్ అన్న మాడ్యూల్ 2001లో వచ్చిన 2.1 కూర్పు నుంచీ పైథాన్‌తోపాటే వస్తోంది. దాన్ని రాసినవారు టిమ్ పీటర్స్. వివరణలో మూడు కోణపు గుర్తులు పెట్టి ఉదాహరణను, కింద వరుసలో రావలసిన జవాబును రాస్తే, ఆ మాడ్యూల్ ఉదాహరణను నిజంగా నడిపి, జవాబు సరిపోయిందో లేదో చూస్తుంది.

తెలుగు పాఠానికి ఇందులో ఇంకొక మేలు ఉంది. పైథాన్ స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) ఉదాహరణ జవాబుగా చూపించేటప్పుడు కంటికి కనపడని గుర్తులను వాటి సంఖ్య రూపంలో బయటపెడుతుంది. ఆ గుర్తుల్లో మాత్రమే తేడా ఉండి తెర మీద ఒకేలా కనిపించే రెండు పదాలు డాక్‌టెస్ట్‌లో వేరువేరుగా కనిపిస్తాయి. ఈ రోజు నుంచి కనీసం రెండు ఉదాహరణలు లేని స్నిపెట్‌ను మెర్జ్ చేయకూడదని, అంటే పెట్టెలో కలపకూడదని, ఆ రెండింట్లో ఒకటి ఇబ్బంది పెట్టే ఉదాహరణే కావాలని నియమం పెట్టుకున్నాం.

12వ రోజు

నా దస్త్రాల్లో చాలాకాలంగా అంతు చిక్కని చిక్కు ఒకటి విడిపోయింది. పాత మ్యాక్ డిస్కు నుంచి వచ్చిన ఫోల్డర్లలో నల్లగొండ, కర్నూలు, గుంటూరు దొరుకుతున్నాయి, హైదరాబాద్ మాత్రం కళ్లెదుట ఉన్నా ప్రోగ్రాంకు దొరకడం లేదు. రెండు హైదరాబాద్‌లనూ పక్కపక్కన పెట్టి కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు) లెక్కపెడితే ఒకదానిలో 9, మరొకదానిలో 10 ఉన్నాయి.

తేడా అంతా ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని 3144 అన్న ఒకే సంఖ్యతో రాయవచ్చు. 3142 అన్న ఎత్వం, దాని వెంట 3158 అన్న కింది గుర్తు కలిపి కూడా రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ చెబుతుంది, కానీ స్ట్రింగులను పోల్చే ప్రోగ్రాంకు సంఖ్యలు మాత్రమే తెలుసు. మ్యాక్‌లోని పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. తెలుగు గుర్తులన్నిటిలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే ఐత్వం లేని జిల్లాలన్నీ మామూలుగా దొరికాయి. తప్పు అరుదుగా, ఒక్క అక్షరానికి మాత్రమే రావడం వల్లనే ఇన్నాళ్లూ దాన్ని డిస్కు లోపమని అనుకున్నాను.

యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌కు ఎన్‌ఎఫ్‌సీ అన్న పద్ధతి ఇస్తే రెండూ ఒకే రూపానికి వస్తాయి. రెండు వరుసల కోడ్. బయటి నుంచి వచ్చిన ప్రతి తెలుగు స్ట్రింగ్‌కూ గుమ్మం దగ్గరే ఈ పని చేయాలని, పోలిక జరిగే ప్రతి చోటా చేయడం మొదలుపెడితే ఏదో ఒక చోట మరిచిపోతామని ఫైలులో రాశాను. ఇబ్బంది పెట్టే ఉదాహరణగా హైదరాబాద్‌నే పెట్టాను.

15వ రోజు

ఈ ప్రాజెక్టు దేని గురించి మొదలైందో ఆ స్నిపెట్ దగ్గరికి ఈ రోజు వచ్చాం. గళ్లనుడికట్టులో ఒక గడికి ఒక అక్షరం. "తెలుగు"కు మూడు గళ్లు కావాలి, "స్త్రీ"కి ఒకటి చాలు. కానీ పైథాన్‌ను పొడవు అడిగితే రెండింటికీ 6 అని చెబుతుంది, బైట్లు అడిగితే రెండింటికీ 18 అంటుంది. బడిలో అక్షరాలు దిద్దిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన తేడా కంప్యూటర్‌కు మనం చెబితే గానీ తెలియదు.

మేం రాసుకున్న నియమం ఇది. హల్లు, పొల్లు జంటలు సున్నా లేదా అంతకన్నా ఎక్కువ, వాటి తర్వాత ఒక హల్లు, దానికి ఇష్టముంటే గుణింతపు గుర్తు లేదా పొల్లు, చివర సున్న, విసర్గ, అరసున్న ఉంటే అవి కూడా. ఇదంతా ఒక అక్షరం. లేదా ఒక అచ్చు, దాని వెంట వచ్చే సున్న, విసర్గలు కలిసి ఒక అక్షరం. ఈ రెండింటికీ అందనిది ఏదైనా విడిగా ఒకటి. హల్లుల పరిధి 3093 నుంచి 3129 వరకు, దానికి 3160, 3161, 3162 కలపాలి, గుణింతపు గుర్తులు 3134 నుంచి 3148 వరకు, పొల్లు 3149. దీన్ని ఒకే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాస్తే "స్త్రీ" ఒకటిగా, "తెలుగు" మూడుగా, "రాష్ట్రం" రెండుగా వచ్చాయి. మధ్యాహ్నానికి పని అయిపోయిందని అనుకున్నాం.

సాయంత్రం "సాఫ్ట్‌వేర్" అన్న పదం ఇవ్వగానే అయిదు గళ్లు వచ్చాయి, అందులో ఒకటి ఖాళీ గడి. ఆ ఖాళీ గడిలో ఉన్నది 8204. ట పొల్లు కింద వ ఒత్తుగా దిగకుండా ఆపడానికి, టైపు చేసేవారు లేదా కీబోర్డు మధ్యలో పెట్టే గుర్తు అది. దానికి వెడల్పు లేదు కనుక ఎవరికీ కనపడదు. యూనికోడ్ దాన్ని ఖాళీగా లెక్కించదు కనుక పైథాన్‌లో చివరి ఖాళీలను తీసేసే స్ట్రిప్ కూడా దాన్ని ముట్టుకోదు.

బెంగళూరు మిత్రురాలు వెంటనే, "మన పెట్టెలోనే వెతుకుడు కోసం రాసిన స్నిపెట్ ఉంది కదా, అది 8204ను తీసేస్తుంది, ముందు దాన్ని నడపండి," అంది. పుస్తకాల జాబితాలో ఒకరు గుర్తు పెట్టి, మరొకరు పెట్టకుండా రాసిన "సాఫ్ట్‌వేర్" రెండూ ఒకే వెతుకులాటకు దొరకాలని తానే రాసిన స్నిపెట్ అది. అలాగే నడిపాం. ఈసారి మూడు గళ్లే వచ్చాయి. గుర్తు పోగానే ట పొల్లు, వ కలిసి సంయుక్తాక్షరమై, మధ్యలోని రెండు అక్షరాలు ఒకే అక్షరంగా మారిపోయాయి. నిజానికి కావలసినవి నాలుగు: సా, ఫ్ట్, వే, ర్.

రెండు స్నిపెట్లూ దేనికది సరైనవే, దేనికది పరీక్షల్లో నెగ్గినవే, కానీ ఒకదాని వెంట ఒకటి నడిపితే తప్పు జవాబు వచ్చింది. వెతకడానికి ఆ గుర్తు పోవాలి, అక్షరాలు లెక్కపెట్టడానికి ఆ గుర్తు ఉండాలి. ఎవరికి వారు ఈ కోడ్‌ను కాపీ చేసుకుని వెళ్లి ఉంటే ఈ ఘర్షణ ఎక్కడో ఒక పిల్లల పుస్తకంలో తప్పు గళ్లుగా అచ్చయ్యేది. చివరకు పొల్లు తర్వాత 8204 ఉంటే దాన్ని ఆ అక్షరంలోనే కలుపుకునేలా నియమాన్ని మార్చాం, గడిలో ముద్రించేటప్పుడు మాత్రమే దాన్ని తీసేస్తున్నాం. రెండు ఫైళ్లలోనూ రెండో ఫైలు పేరు రాసి, ఏది ముందు నడపకూడదో చెప్పాం. "ఎక్కడ పనికిరాదు" అన్న భాగాన్ని మొదటి రోజు వద్దన్న ఆమే ఆ వాక్యాలు రాసింది.

అదే భాగంలో ఇంకొక వాక్యం నేను చేర్చాను. ఈ స్నిపెట్ ఛందస్సుకు పనికిరాదు. గళ్లనుడికట్టులో చివరి ర పొల్లుకు విడిగా గడి ఇస్తాం, కానీ గణవిభజనలో పొల్లు తన ముందున్న అక్షరంలో కలిసి దాన్ని గురువును చేస్తుంది. విడిగా లెక్కకు రాదు. పద్యాల మీద పనిచేసేవారు ఎవరైనా ఈ కోడ్‌ను తీసుకుంటే ఈ ఒక్క మాట వారికి రోజుల శ్రమ తప్పిస్తుంది. ఇంకొక సంగతి కూడా రాశాను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలను విడగొట్టకుండా ఒకే గుచ్ఛంగా ఉంచే నియమాన్ని చేర్చింది. అంతకు ముందరి నియమం ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలయ్యేది. అందువల్ల బయటి మాడ్యూళ్లను వాడేవారు, ఆ మాడ్యూల్ ఏ కూర్పును అనుసరిస్తుందో చూసుకోవాలి.

18వ రోజు

ఒక పాత స్నిపెట్‌లో ఎస్సెమ్మెస్ సేవకు సంబంధించిన రహస్య కీ అలాగే ఉండిపోయింది. ఫైలులో నుంచి తీసేసి మళ్లీ కమిట్ చేస్తే (ఆ మార్పును గిట్‌లో నమోదు చేస్తే) సరిపోదు. గిట్ చరిత్రలో పాత కమిట్ అలాగే ఉంటుంది, రెపోను తెచ్చుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఆ కీ ఉంటుంది. ముందు ఆ కీని రద్దు చేయించి కొత్తది తీసుకున్నాం, ఆ తర్వాతే చరిత్రను శుభ్రం చేశాం. ఇక మీదట కీలన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచే, అంటే కోడ్ బయట యంత్రంలో దాచిన విలువ నుంచే, చదవాలి.

20వ రోజు

నాలుగో సంగతి, అంటే సొంతమా తెచ్చినదా అన్నది, ఈ రోజు పరిశీలించాను. 22లో తొమ్మిదింటికి మూలం ఎవరికీ గుర్తు లేదు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో పెట్టిన కోడ్ క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ లైసెన్సు కింద ఉంటుంది. వాడుకోవచ్చు, కానీ రాసినవారి పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. మూలం తెలియని తొమ్మిదింటిని పక్కన పెట్టి, అవసరమైన అయిదింటిని మొదటి నుంచి మేమే రాశాం.

మర్యాద ఒక్కటే దీనికి కారణం కాదు. మూలం రాసుకుంటే ఆ మూలంలో తర్వాత దొరికిన తప్పు కూడా మనకు తెలిసే వీలుంటుంది. బైట్ల సంఖ్యను కేబీ, ఎంబీలుగా చూపించే ఒక జావా స్నిపెట్‌ను 2010లో అక్కడ ఒక ప్రోగ్రామర్ రాశారు. అక్కడి నుంచి ఎక్కువగా కాపీ అయిన జావా తునక అదేనని 2018లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అందులో దోషం ఉందని ఆయనే 2019లో బహిరంగంగా రాసి సరిచేశారు: 999,999 బైట్లకు 1.0 ఎంబీ అని చూపవలసిన చోట అది 1000.0 కేబీ అని చూపిస్తుంది. అంత మంది వాడిన కోడ్‌లో తొమ్మిదేళ్లు ఆ తప్పు నిలిచి ఉంది. మూలం రాసుకోకుండా తెచ్చుకున్నవారికి ఆ సవరణ చేరే మార్గమే లేదు. తన తప్పును తానే వివరంగా రాసిన ఆ ప్రోగ్రామర్ పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది. మా పెట్టెలోని అలాంటి స్నిపెట్‌కు కూడా 999,999ను ఇబ్బంది పెట్టే ఉదాహరణగా చేర్చాను. మాది కూడా తప్పింది. సరిచేశాను.

23వ రోజు

అకారాది క్రమం. తెలుగు పదాలను పైథాన్ మామూలు సార్ట్‌కు వదిలేస్తే ఆశ్చర్యకరంగా చాలావరకు సరిగానే వస్తాయి. "క"తో మొదలయ్యేవి, ఆ తర్వాత "కా", చివరకు "క్ర" వంటివి, నిఘంటువులో ఉన్నట్టే వస్తాయి. చిక్కు ళ, ఱ దగ్గర ఉంది. బడిలో నేర్చుకునే వర్ణమాలలో ళ అన్నది హ తర్వాత వస్తుంది, యూనికోడ్‌లో మాత్రం ల పక్కనే, వ కన్నా ముందు ఉంటుంది. ఱ కూడా అలాగే ర పక్కన ఉంటుంది. ఈ రెండింటినీ పోలిక కోసం మాత్రమే హ తర్వాతి స్థానాలకు మార్చే కీ ఫంక్షన్‌ను రాశాం. క్షను వర్ణమాలలో చివర చెప్పుకున్నా, దాన్ని క కిందే ఉంచాం. ఆ విషయం ఫైలులో రాశాం.

26వ రోజు

ఎస్సెమ్మెస్ లెక్క చేరింది. ఇంగ్లీషు సందేశం ఒక్కదానిలో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం సందేశం పరిమితి 70కి పడిపోతుంది, ఆ పరిమితి దాటితే ఒక్కో భాగానికి 67 చొప్పున లెక్క. అంటే 150 అక్షరాల ఇంగ్లీషు సందేశంలో పిల్లవాడి పేరు ఒక్కటి తెలుగులో రాస్తే ఒక సందేశం ఖర్చు మూడు అవుతుంది. ఈ లెక్కలో "స్త్రీ"కి ఆరు పోతాయి, చాలా ఎమోజీలకు ఒక్కోదానికి కనీసం రెండు. పంపే ముందే ఎన్ని భాగాలవుతాయో చెప్పే స్నిపెట్ ఇది.

ఇవాళే మా నలుగురూ కాక బయటివారి నుంచి మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే మా పెట్టెలో కలపమని పంపిన మార్పు, వచ్చింది. వరంగల్ మిత్రుడి తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. పొడవైన శీర్షికలను తెరకు సరిపోయేలా కత్తిరించే కోడ్ అతడు పంపాడు. కోడ్‌పాయింట్ల లెక్కన కత్తిరిస్తే "రాష్ట్రం" అన్న పదం నాలుగు దగ్గర "రాష్" అయిపోతుందని, అందుకే మా అక్షరాల స్నిపెట్‌ను వాడుకున్నానని వివరణలో రాశాడు. నాలుగు సంగతులూ ఉన్నాయి. ఎక్కడ పనికిరాదు అన్న చోట, అక్షరాల సంఖ్య సమానమైనా తెర మీద వెడల్పు సమానంగా ఉండదని రాశాడు. అది మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక్క ఉదాహరణ మాత్రం తక్కువైందని అనిపించి, "తమ్ముడూ, సాఫ్ట్‌వేర్‌ను రెండు అక్షరాల దగ్గర కత్తిరిస్తే ఏమొస్తుందో కూడా చేర్చు," అని రాశాను. అరగంటలో చేర్చి పంపాడు. జవాబు "సాఫ్ట్" అని కనపడుతోంది, కానీ డాక్‌టెస్ట్ దాని చివర 8204ను సంఖ్య రూపంలో చూపించింది. కత్తిరించిన తర్వాత చివరి గుర్తును తీసేసే వరుస ఒకటి ఇద్దరం కలిసి రాశాం. అన్ని ఫైళ్ల ఉదాహరణలనూ మళ్లీ నడిపాను, అన్నీ నెగ్గాయి. రాత్రి పదిన్నరకు మెర్జ్ చేశాను.